చెరుకు గడ విరవండి.. భూకంపం అర్థమవుతుంది!

2024 డిసెంబరు 4, ఉదయం 7.27 గంటలు. ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్‌లోనూ జనానికి ఆ కదలిక తెలిసింది. ఇలాంటప్పుడల్లా ‘రాత్రికి మళ్లీ వస్తుందట’ అంటూ వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరుగుతాయి. వాటిని ఫార్వర్డ్ చేసేవాళ్లలో బీటెక్, బీఎస్సీ చదివిన మనమూ ఉంటాం. ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. భూకంప కేంద్రం ములుగులో ఉందని ఎలా కనిపెట్టారు? మీ నిజామాబాద్‌కు అది ఎంత దూరం? ఈ రెండిటికీ జవాబు వెతికితే మీకో మంచి ప్రాజెక్టు దొరికినట్టే.

ప్రాజెక్టు అనగానే కొనేద్దాంలే అనుకుంటున్నారా? నేనూ ఫైనలియర్‌లో కొన్నవాణ్నే. ఇంటర్వ్యూలో ‘ఈ గ్రాఫ్‌లో ఈ గీత ఎందుకు పైకి లేచింది?’ అని అడిగితే నోరు పెగల్లేదు. సొంతంగా గీసిన గ్రాఫ్ అయితే ఆ తిప్పలు ఉండేవి కావు. అందుకే కింద చెప్పేవన్నీ మీ చేతులతో మీరే చేయండి. ఖర్చు పెద్దగా ఉండదు.

గడ చెప్పే పాఠం

బోధన్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్స్ 2015లో మూతపడింది. చుట్టుపక్కల పొలాల్లో చెరుకు మాత్రం ఇంకా దొరుకుతుంది. ఒక గడ తీసుకుని రెండు చివరలూ పట్టుకుని మెల్లగా వంచండి. చాలాసేపు వంగుతుందే తప్ప ఇంకేమీ జరగదు. ఉన్నట్టుండి టప్పున విరుగుతుంది, చేతులు జివ్వుమంటాయి. ఇంతసేపూ గడలో దాచిపెట్టిన శక్తి ఒక్క క్షణంలో బయటపడిందన్నమాట. భూమి లోపలి రాళ్లు కూడా ఒత్తిడికి ఏళ్ల తరబడి ఇలాగే వంగి, ఒక్కసారిగా జారతాయి. 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపాన్ని పరిశీలించిన హ్యారీ ఫీల్డింగ్ రీడ్ 1910లో చెప్పిన సిద్ధాంతం ఇదే. రాళ్లు అలా జారే పగులును ఫాల్ట్ అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో భ్రంశం అని ఉంటుంది.

ఇటుక, సైకిల్ ట్యూబు

గడ ఒక్కసారే విరుగుతుంది. ఫాల్ట్ అలా కాదు, ఆగి ఆగి మళ్లీ మళ్లీ జారుతుంది. అది చూడాలంటే చెక్క మీద గరుకు కాగితం అతికించి, దానిపై ఇటుక పెట్టండి. పాత సైకిల్ ట్యూబును సన్నగా కోసి ఇటుకకు కట్టి, నిదానంగా ఒకే వేగంతో లాగండి. ట్యూబు సాగుతూ ఉంటుంది, ఇటుక కదలదు. తర్వాత ఒక్క దూకు! ప్రతి దూకు ఎన్ని సెంటీమీటర్లో స్కేలుతో కొలిచి, యాభై సార్లు నోట్ చేయండి. అన్నీ ఒకేలా ఉండవని మీకే తెలుస్తుంది. టేబుల్ మీది ఇటుక ఎప్పుడు దూకుతుందో కచ్చితంగా చెప్పలేనప్పుడు, కిలోమీటర్ల లోతులో రాయి జారే తేదీని ఎవరు చెప్పగలరు? ఆ వాట్సాప్ మెసేజ్‌కు ఇదే మీ సమాధానం.

ఇప్పుడు ఫోన్‌ను చెక్క మీద పెట్టండి. జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీ తయారుచేసిన ఫైఫాక్స్ యాప్ ఉచితం. ఫోన్‌లోని యాక్సెలరోమీటర్ రీడింగులను అది రికార్డు చేస్తుంది. ఆ ఫైల్‌ను పైథాన్‌లో తెరిచి గ్రాఫ్ గీయండి. రోడ్డు పక్క గదిలో చెరుకు ట్రాక్టర్ వెళ్తున్నప్పుడు ఒకసారి, రాత్రి సద్దుమణిగాక ఒకసారి రికార్డు చేసి పోల్చండి. అవసరమైన సిగ్నల్‌ను రొద నుంచి వేరుచేయడమే సీస్మాలజిస్టుల రోజువారీ పని. ఒక్క మాట.. దూరంలో వచ్చే చిన్న కంపనాలు ఫోన్‌కు చిక్కవు. రిపోర్టులో ఆ సంగతీ రాయండి. పరిమితి తెలిసినవాడి మీద ఇంటర్వ్యూలో గురి కుదురుతుంది.

దూరం లెక్క ఇలా

భూకంపం నుంచి ముందుగా పి తరంగం వస్తుంది. పైపొరలో దాని వేగం సెకనుకు దాదాపు 6 కిలోమీటర్లు. వెనకాలే వచ్చే ఎస్ తరంగం వేగం దాదాపు 3.5. రెండిటికీ మధ్య ఎన్ని సెకన్ల తేడా ఉందో చూసి 8.4తో గుణిస్తే దూరం వస్తుంది. తేడా 20 సెకన్లు ఉంటే సుమారు 168 కిలోమీటర్లు. మూడు స్టేషన్ల నుంచి ఇలా దూరాలు కట్టి, మ్యాప్‌పై మూడు వృత్తాలు గీస్తే అవి కలిసే చోటే కేంద్రం. అసలైన రికార్డులతో చేయాలంటే ఆబ్స్‌పై అనే పైథాన్ లైబ్రరీ ఉంది. ప్రపంచంలోని ఎన్నో స్టేషన్ల డేటాను దాంతో ఉచితంగా దించుకోవచ్చు.

తీవ్రత దగ్గర చాలామంది పొరబడతారు. మ్యాగ్నిట్యూడ్ ఒక్క అంకె పెరిగితే తరంగం ఎత్తు పది రెట్లు, విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. ఒక భూకంపానికి మ్యాగ్నిట్యూడ్ ఒక్కటే. మీ ఊళ్లో ఎంత ఊగిందన్నది ఇంటెన్సిటీ, అది ఊరూరికీ మారుతుంది.

‘మనకేం కాదు’ అనుకోవచ్చా?

2002 నాటి మ్యాప్‌లో నిజామాబాద్ తక్కువ ప్రమాదం ఉన్న రెండో జోన్‌లో ఉంది. అయితే 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కంపించిన లాతూర్ ప్రాంతం కూడా అప్పటి మ్యాప్‌లో అన్నిటికంటే తక్కువ ప్రమాదం ఉన్న మొదటి జోనే! కిల్లారి మన నిజామాబాద్‌కు దాదాపు 170 కిలోమీటర్లే. అక్కడ పది వేల మంది దాకా చనిపోయారు. రాయి, మట్టితో కట్టిన బరువైన ఇళ్లు నిద్రలో ఉన్నవాళ్ల మీద కూలిపోయాయి. తూర్పున గోదావరి లోయ వెంబడి పురాతన ఫాల్టులున్నాయి. సింగరేణి బొగ్గు పరుచుకున్నదీ ఆ పట్టీలోనే. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చిందీ అక్కడే. ఇల్లు కట్టే ప్రతి సివిల్ ఇంజినీరుకూ ఇది తెలిసి ఉండాలి.

ఏ డిగ్రీకి ఏ దారి?

• బీఎస్సీ వాళ్లకు: ఉస్మానియాలో ఎమ్మెస్సీ జియోఫిజిక్స్ ఉంది. ఐఐటీల్లో చేరాలంటే జామ్ రాయాలి. పీజీ తర్వాత యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాస్తే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో కొలువులు అందుకోవచ్చు.

• సివిల్ వాళ్లకు: ఐఐటీ రూర్కీలో భూకంప ఇంజినీరింగ్‌కు ప్రత్యేక విభాగమే ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనూ ఇందుకో పరిశోధన కేంద్రం ఉంది.

• సీఎస్‌ఈ, ఈసీఈ వాళ్లకు: సిగ్నల్ ప్రాసెసింగ్, సెన్సర్లు, మెషీన్ లెర్నింగ్ తెలిస్తే ఈ రంగంలో పని ఉంది. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ, సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ వెబ్‌సైట్లలో నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి.

ఉద్యోగం వేరే రంగంలో వచ్చినా ఈ పని వృథా కాదు. డేటా సేకరించడం, శుభ్రం చేయడం, గ్రాఫ్ గీయడం, తప్పు ఎక్కడుందో చెప్పడం.. ఏ కంపెనీ అయినా అడిగేవి ఇవే. రెజ్యుమెలో ఒక్క లైన్ చాలు: ‘ఇటుక నమూనాతో యాభై కంపనాలు కొలిచి, విశ్లేషించాను’. తర్వాతి ప్రశ్న వాళ్లే అడుగుతారు. ఈసారి మీ దగ్గర జవాబు ఉంటుంది.