ఎవరి కోసం ఎవరు ఆగాలి?

పని అప్పగించినవాడు జవాబు వచ్చేదాకా కదలడు. జవాబు అందాకే తర్వాతి పనికి పోతాడు. ఈ పద్ధతిని ఏమంటారని ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరును అడగండి, తడుముకోకుండా ‘సింక్రనస్’ అంటారు. చిప్‌లు డిజైన్ చేసే ఇంజనీరును అడగండి, అంతే ధీమాగా ‘అసింక్రనస్’ అంటారు. ఇద్దరి మాటా నిజమే. హైదరాబాద్‌లో ఈ ఇద్దరూ ఒకే క్యాంటీన్‌లో పక్కపక్కనే భోంచేస్తూ ఉండవచ్చు కూడా.

ముందు చిప్ సంగతి. మేడ మీదికి ఇటుకలు చేయి మార్చే కూలీల వరుసను తలుచుకోండి. మేస్త్రి ‘హైలెస్సా’ అన్నప్పుడల్లా అందరూ ఒక్కసారే ఇటుకను పక్కవారికి అందిస్తే అది సింక్రనస్. అక్కడ ఎవరూ ఎవరినీ అడగరు. పిలుపు పడేలోగా అవతలి చేయి ఖాళీ అయి ఉంటుందన్న నమ్మకమే ఆధారం. కాబట్టి మేస్త్రి అందరిలోకీ నెమ్మదస్తుణ్ణి చూసి పిలుపు వేగం నిర్ణయించుకోవాలి. మేస్త్రి లేకుండా, పక్కవారి చేయి ఖాళీ అయిందని చూసుకుని ఎవరికి వారు అందించుకుంటే అది అసింక్రనస్.

మన ఫోన్లలో, కంప్యూటర్లలో ఉన్న ప్రాసెసర్లు దాదాపు అన్నీ మొదటి రకమే. 3 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 300 కోట్ల పిలుపులు. ఒక పిలుపుకూ మరో పిలుపుకూ మధ్య శూన్యంలో వెలుతురు సైతం 10 సెంటీమీటర్లే పోగలదు. చిప్‌లోని సన్నటి తీగల్లో సంకేతం ఇంకా చాలా నెమ్మది. గడియారపు టిక్కును మూలమూలకూ ఒకే క్షణాన చేర్చడమే ఒక పెద్ద ఇంజనీరింగు. చిప్ తాగే కరెంటులో చెప్పుకోదగ్గ వాటా దానికే పోతుంది.

గడియారం లేకుండా బతకలేమా అంటే, బతికిన రోజులున్నాయి. జాన్ వాన్ న్యూమన్ ఆధ్వర్యంలో ప్రిన్స్‌టన్‌లో తయారై 1952లో పనిలోకి దిగిన కంప్యూటర్‌కు కేంద్ర గడియారం లేదు. ఒక మెట్టు పూర్తయిందన్న సంకేతమే తర్వాతి మెట్టును కదిలించేది. 1988 ట్యూరింగ్ అవార్డు గ్రహీత ఐవన్ సదర్లాండ్ తన అవార్డు ప్రసంగాన్ని ఈ పద్ధతి తరఫున వాదించడానికే వాడుకున్నారు. తొలి ఆర్మ్ ప్రాసెసర్ రూపకర్తల్లో ఒకరైన స్టీవ్ ఫర్బర్ 1990లలో మాంచెస్టర్‌లో ‘ఆములెట్’ పేరుతో గడియారం లేని ఆర్మ్ చిప్‌లు చేసి చూపించారు. అవి పనిచేశాయి. కానీ డిజైన్ సాధనాలు, పరీక్షా పద్ధతులు, కాలేజీ పాఠాలు అన్నీ అప్పటికే గడియారాన్ని నమ్ముకుని పెరిగిపోయాయి. అలవాటు ఎంత బలమైన ఇంజనీరో ఈ కథే చెబుతుంది.

సరే, చిప్ దాటి బయటి తీగ మీదికి వస్తే అర్థం మళ్లీ జారుతుంది. ఆర్డుయినో బోర్డును కంప్యూటర్‌కు కలిపినప్పుడు వాడే సీరియల్ లింకు పేరులోనే అసింక్రనస్ ఉంది. ఇక్కడ జవాబు కోసం ఆగడమన్నదే లేదు. ఇరువైపులా ఎవరి గడియారం వారికుంటుంది, ఇద్దరినీ కలిపే గడియారపు తీగ మాత్రం ఉండదు. సెకనుకు 9600 బిట్లు అని ముందే ఒప్పందం. ప్రతి బైటుకూ ముందొక స్టార్ట్ బిట్, చివర ఒక స్టాప్ బిట్. స్టార్ట్ బిట్ పడగానే అవతలివాడు లెక్క కొత్తగా మొదలుపెడతాడు గనుక, రెండు గడియారాల మధ్య ఒకటి రెండు శాతం తేడా ఉన్నా బైటు పాడవదు. టెలికాం వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, 53 బైట్ల పొట్లాలతో నడిచే ‘అసింక్రనస్ ట్రాన్స్‌ఫర్ మోడ్’ను ‘సింక్రనస్ ఆప్టికల్ నెట్‌వర్క్’ మీద నడిపారు. పొట్టిగా ఏటీఎం అనేవారు, డబ్బులిచ్చేది కాదు. పొట్లాలు వచ్చే తీరు ఒక పేరులో ఉంది, వాటిని మోసే లింకు వేగం ఇంకో పేరులో ఉంది. రెంటికీ గొడవేమీ లేదు.

సాఫ్ట్‌వేర్‌లో గడియారం ఊసే ఉండదు. అక్కడ ప్రశ్న ఒక్కటే: పని అడిగిన ప్రోగ్రాము ఆగుతుందా, ముందుకు పోతుందా? ఆగితే సింక్రనస్. నెట్‌వర్క్ నుంచి జవాబు రావడానికి పట్టే కొన్ని మిల్లీసెకన్లలో ప్రాసెసర్ కోట్ల లెక్కలు చేయగలదు గనుక ఆగడం దండగ. పేజీ మొత్తం మళ్లీ లోడ్ కాకుండానే మ్యాపులు జరిగే వెబ్‌సైట్లు వచ్చిన కొత్తలో, 2005లో, జెస్సీ జేమ్స్ గారెట్ ఆ పద్ధతికి ‘ఏజాక్స్’ అని పేరు పెట్టారు. అందులో మొదటి అక్షరం అసింక్రనస్‌దే. ఆ తర్వాత సీ షార్ప్, పైథాన్, జావాస్క్రిప్ట్ భాషలు ‘అసింక్’, ‘అవెయిట్’ అనే మాటలను వ్యాకరణంలోనే చేర్చుకున్నాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు ఫైలు రాసేటప్పుడు మొదలవుతుంది. లినక్స్‌లో ఒక ప్రోగ్రాము ‘రైట్’ అని పిలిచి, అది తిరిగి వచ్చేదాకా ఆగుతుంది. ఆగింది గనుక సింక్రనస్. కానీ అది తిరిగి వచ్చేసరికి డేటా చేరింది ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీలోకే. మామూలు అమరికలో అది సుమారు 30 సెకన్ల దాకా అక్కడే ఉండిపోవచ్చు. ఈలోగా కరెంటు పోతే డేటా కూడా పోతుంది. డిస్కు వైపు నుంచి చూసేవారు ఇదే రాతను అసింక్రనస్ అంటారు. డిస్కు మీద పడ్డాకే రమ్మనాలంటే ‘ఎఫ్‌సింక్’ అని వేరే పిలవాలి. యూనిక్స్ ప్రమాణాలు రాసినవారు ఈ తేడా కోసం ‘సింక్రనస్’కు ఒక నిర్వచనం, ‘సింక్రనైజ్డ్’కు ఇంకో నిర్వచనం ఇచ్చారు. ఒక ప్రత్యయం మీద ఇంత బరువు మోపడం నాకు న్యాయంగా అనిపించదు.

డేటాబేసుల్లో సంగతి ఇంకా ముదిరింది. పోస్ట్‌గ్రెస్‌లో ‘సింక్రనస్ కమిట్’ అనే మీటకు ఒకటి కాదు, అయిదు స్థానాలున్నాయి. సొంత డిస్కు కోసం కూడా ఆగకపోవడం, సొంత డిస్కు వరకే ఆగడం, దూరంగా ఉన్న రెండో సర్వర్ మెమరీకి చేరేదాకా, దాని డిస్కు మీద పడేదాకా, అక్కడ చదివేవారికి కనిపించేదాకా ఆగడం. వీటిలో దేన్ని ఎంచుకోవాలన్నది దూరం మీద కూడా ఆధారపడుతుంది. హైదరాబాద్ నుంచి ముంబైకి సూటిగా 600 కిలోమీటర్ల పైమాట. ఫైబర్‌లో వెలుతురు వేగం సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు. అంటే పోయి రావడానికి 6 మిల్లీసెకన్లకు తక్కువ కాదు. రెండు ఊళ్లలోనూ డేటా పడ్డాకే సరే అనాలనుకునేవారు ప్రతి లావాదేవీకీ ఈ సుంకం కట్టాల్సిందే.

సిద్ధాంతకర్తల అసింక్రనస్ వేరే. అందులో గడియారం గురించీ ఆగడం గురించీ పట్టింపు లేదు. సందేశం ఎంతసేపట్లో చేరుతుందో గరిష్ఠ పరిమితి తెలిస్తే సింక్రనస్, తెలియకపోతే అసింక్రనస్. పరిమితి తెలియకపోతే అవతలి యంత్రం చచ్చిందో, ఆలస్యం చేస్తోందో తేల్చలేం. 1985లో ఫిషర్, లించ్, పాటర్సన్ అనే ముగ్గురు దీన్నుంచి ఒక గడ్డు ఫలితం రాబట్టారు: ఇలాంటి వ్యవస్థలో ఒక్క యంత్రం ఆగిపోయే అవకాశమున్నా, మిగిలినవన్నీ తప్పక ఒక మాట మీదికి వస్తాయని హామీ ఇచ్చే నిశ్చిత పద్ధతి ఏదీ ఉండదు.

2016లో మొదలైన యూపీఐని ఈ కళ్లతో చూడవచ్చు. ప్రోగ్రామర్ల అర్థంలో అది అసింక్రనస్‌గానే కట్టినది: అడిగిన వెంటనే ‘అందింది’ అన్న రసీదు మాత్రమే వస్తుంది, అసలు జవాబు తర్వాత విడిగా వస్తుంది. సిద్ధాంతకర్తల అర్థంలోనూ అసింక్రనసే, దాన్ని మాత్రం ఎవరూ కోరి కట్టలేదు. మధ్యలో ఏ బ్యాంకు సర్వరో మూగబోతే, డబ్బు చేరిందో లేదో మిగతావారికి అప్పటికప్పుడు తెలిసే దారి లేదు. అందుకే ఫోన్ తెర మీద విజయం, వైఫల్యం కాక ‘పెండింగ్’ అనే మూడో మాట కనిపిస్తుంది. లావాదేవీ ప్రతిదానికీ ప్రత్యేకమైన నంబరు ఉండేదీ అందుకే. ఆ నంబరుతో ఎన్నిసార్లు ఆరా తీసినా ఒకే చెల్లింపు గురించి అడిగినట్టవుతుంది, డబ్బు రెండోసారి కదలదు.