నులక సాగిన మంచం

ఏమర్రా, ఈ ముసలాడు ఈసారి జారిన రొమ్ముల్ని పైకెత్తే ఆపరేషన్ కబురెత్తాడేమిటని మొహాలు చిట్లించకండి. ఆడపిల్లలు గుసగుసగా అడుక్కునే సంగతి ఒకసారి గట్టిగా మాట్లాడుకుంటే తప్పేముంది?

రొమ్ములో నిలబెట్టే కండరమంటూ ఉండదు. ఛాతీ కండరం ఉన్నది దాని వెనకాల. రొమ్మంటే పాలగ్రంథులు, కొవ్వు, వాటిని పట్టి ఉంచే సన్నని నారలు. లండన్ సర్జన్ ఆస్ట్లీ కూపర్ 1840లో ఈ నారలను వివరంగా వర్ణించాడు. అందుకే ఇవాళ్టికీ వాటికి ఆయన పేరే. వాడగా వాడగా మంచం నులక కుంగినట్టు, వయసుతో, కాన్పులతో, ఒళ్ళు వచ్చి తగ్గడంతో ఈ నారలు సాగుతాయి, పైచర్మమూ సాగుతుంది. మంచమైతే మళ్ళీ లాగి బిగించుకుంటాం. ఈ నారల్ని బిగించే కసరత్తు లేదు. పూసుకునే నూనెలూ క్రీములూ శుద్ధ దండగ.

పాలిస్తే రొమ్ములు జారిపోతాయన్న మాట మాత్రం నమ్మకండి. అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయం ప్లాస్టిక్ సర్జన్లు తమ దగ్గరికి వచ్చిన తల్లులను పరిశీలిస్తే, జారడానికీ పాలివ్వడానికీ సంబంధం కనబడలేదు. కాన్పుల సంఖ్య, వయసు, పొగతాగే అలవాటు లెక్కకొచ్చాయి. అందం పోతుందని పసిగుడ్డు నోటికాడి పాలు లాగేయకండి.

ఇక ఆపరేషన్. సాధారణంగా పూర్తి మత్తిచ్చి, రెండు మూడు గంటలు చేస్తారు. మిగులు చర్మం తీసేసి, లోపలి గ్రంథిని పైకి మలిచి కుట్టేస్తారు. చనుమొనను కోసేసి మళ్ళీ అతికిస్తారని చాలామందికి బెంగ. మామూలుగా అలా చెయ్యరు. రక్తనాళాలతో, నరాలతో బంధం తెగకుండానే పైకి జరుపుతారు. జారుడు కొద్దిగా ఉంటే చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయం అంచునే కోత. ఎక్కువైతే అక్కణ్ణించి కిందికి నిలువుగా, మరీ ఎక్కువైతే కింది మడతలో అడ్డంగా కూడా.

అంటే ఆకారం కోసం మచ్చను ఒప్పుకోవడం. నన్నడిగితే అసలు బేరం ఇదే. మచ్చలు మొదట్లో ఎర్రగా, గట్టిగా ఉంటాయి. ఏడాది, ఏడాదిన్నరకి సద్దుమణుగుతాయి గానీ మాయం కావు. చామనచాయ ఒంటి మీద కొందరికి మచ్చ ఉబ్బి కెలాయిడ్ అవుతుంది. చెవి కుట్టిన చోట బుడిపె కట్టిన అనుభవం ఉంటే డాక్టరుకి ముందే చెప్పాలి.

మొదటి వారం వాపూ సలుపూ తప్పవు. కొన్ని వారాలు సపోర్ట్ బ్రా వేసుకుని వెల్లకిలా పడుకోవాలి. నెల, నెలన్నర దాకా బిందెలూ గ్యాస్ బండలూ ముట్టకూడదు, చంటిపిల్లాణ్ణి కూడా వేరొకరు ఎత్తాల్సిందే. చనుమొన దగ్గర స్పర్శ కొన్నాళ్ళు మొద్దుబారుతుంది. చాలామందికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు. రొమ్ము సైజు పెరుగుతుందనుకుంటే పొరపాటు, ఈ ఆపరేషన్ దాన్ని ఎత్తుతుందంతే. తర్వాత కాన్పు వస్తే మళ్ళీ సాగవచ్చు, పాలు సరిగ్గా పడకపోనూవచ్చు. పిల్లల ముచ్చట తీరాక ఆలోచించడం మేలు.

పొగ అలవాటుంటే ఆపరేషన్‌కి కనీసం నాలుగు వారాల ముందే మానాలి. నికోటిన్ రక్తనాళాల్ని బిగదీసి పుండు మాననివ్వదు. వయసును బట్టి ముందుగా మామోగ్రామ్ కూడా తీయించమంటారు.

చివరగా ఒక మాట. బోర్డు మీద మెరిసే ఫొటోలు చూసి వెళ్ళిపోకండి. కత్తి పట్టే డాక్టరు ప్లాస్టిక్ సర్జరీ చదివారో లేదో అడగండి, ఇదివరకు చేసిన ఆపరేషన్ల మచ్చల ఫొటోలు చూపించమనండి. అడిగితే విసుక్కునే చోట చేయించుకోవద్దు.