పెరట్లో కారు కట్టేయవచ్చు.. రోడ్డెక్కించడమే కష్టం!

అరకులోయ: కారు కావాలంటే కంపెనీ తయారు చేయాలి, షోరూముకు రావాలి, మనం వాయిదాల మీద తెచ్చుకోవాలి. ఇదే అందరికీ తెలిసిన పద్ధతి. అయితే ఇంటిల్లిపాదీ తలో చెయ్యి వేసి పెరట్లోనే కారు కట్టుకునే వారు కూడా లోకంలో ఉన్నారు. ఇంగ్లండులో ఇది అరవై ఏళ్లకు పైబడిన ముచ్చట. మహారాష్ట్రలో ఒక కమ్మరి, హైదరాబాద్‌లో ఒక ఔత్సాహికుడు కూడా ఇలాంటి పని చేసి చూపించారు.

మన కొండ ప్రాంతానికి ఇది మరీ వింతేమీ కాదు. బొర్రా నుంచి కటికి జలపాతం వైపు రాళ్ల దారిలో పర్యాటకులను మోసుకెళ్లే జీపులను చూసినవారికి ఆ సంగతి తెలుస్తుంది. పాత జీపును నట్టు నట్టుగా విప్పి, కమాను పట్టీలు మార్చి, ఇంజను బాగు చేసి, తుప్పు పట్టిన చోట కొత్త రేకు అతికి మళ్లీ దారిలో పెట్టగల మెకానిక్కులు మన వద్ద ఉన్నారు. విప్పి బిగించగల చేతికి మొదటి నుంచి కట్టడం అసాధ్యం కాదు. మరి చిక్కు ఎక్కడుంది?

విడి భాగాల మూటే కిట్ కారు

ఇంగ్లండులోని లోటస్ కంపెనీ 1957లో ‘సెవెన్’ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును తెచ్చింది. దీని సృష్టికర్త కోలిన్ చాప్‌మన్. ఇనుప గొట్టాల చట్రం, దానిపై పలుచని అల్యూమినియం రేకు, ముందు చిన్న ఇంజను, తలుపులు లేవు. మొత్తం బరువు సుమారు 500 కిలోలు. బరువు తక్కువ కావడంతో చిన్న ఇంజనుతోనే చురుగ్గా పరుగెత్తేది.

ఆ రోజుల్లో అక్కడ పూర్తిగా తయారైన కారు కొంటే అమ్మకం పన్ను బాదేవారు. విడి భాగాలుగా కొనుక్కుని సొంతంగా బిగించుకుంటే ఆ పన్ను ఉండేది కాదు. అందుకే ఈ కారును భాగాల మూటగా అమ్మారు. దాన్నే కిట్ అంటారు. బిగించే విధానం రాసి ఇస్తే పన్ను పడుతుందని, విప్పే విధానం రాసి ఇచ్చారట. కొన్నవారు దాన్ని కింది నుంచి పైకి చదువుకుని బిగించుకునేవారని ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. 1973లో పన్ను విధానం మారడంతో ఆ వెసులుబాటు పోయింది. అదే ఏడాది సెవెన్ తయారీ హక్కులు కేటర్‌హామ్ అనే కంపెనీకి దక్కాయి. ఆ తరువాత కూడా ఇంట్లో కారు కట్టుకునే సరదా మాత్రం పోలేదు.

కిట్ కొనే స్తోమత లేనివారికి 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన పుస్తకమే రాశారు. కేవలం 250 పౌండ్లతో స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చని దాని పేరులోనే ప్రకటించారు. అంగుళం పలకల ఇనుప గొట్టాలు కోసి వెల్డింగ్ చేసి చట్రం కట్టాలి. పాత ఫోర్డ్ ఎస్కార్ట్ కారును విప్పి అందులోని ఇంజను, గేరుబాక్సు, ఇరుసులు దీనికి బిగించాలి. గొట్టాలు కోసే రంపం, వెల్డింగ్ మెషిను, డ్రిల్లు, స్పానర్లు.. ఈ సామాను మన సంతల ఊళ్లలోని వెల్డింగ్ షాపుల్లోనూ ఉండేదే.

ఇంటిల్లిపాదికీ పని

ఈ పని ఒక్కడితో అయ్యేది కాదు. ఇంజనును చైను కప్పీతో దించుతుంటే ఒకరు గొలుసు పట్టాలి, మరొకరు పక్కనుంచి సరిచూడాలి. విప్పిన నట్లు, బోల్టులు ఏ భాగానివో చీటీలు రాసి డబ్బాల్లో వేయడం పిల్లలు చేయగల పని. వైర్లు ఎక్కడికి వెళ్లాలో రంగుల వారీగా చూసి కట్టాలంటే ఓపిక కావాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది బ్రేకు పైపుల్లో గాలి తీయడం. ఒకరు సీట్లో కూర్చుని పెడలు తొక్కి పట్టాలి. ఇంకొకరు చక్రం దగ్గర నిపిల్ వదులు చేసి, ఆయిల్‌తో పాటు గాలి బుడగలు బయటకు రాగానే బిగించాలి. నిపిల్ బిగించక ముందే పెడలు వదిలితే గాలి తిరిగి లోపలికి చేరుతుంది. గాలి చేరిన బ్రేకు తొక్కితే మెత్తగా దిగిపోతుందే తప్ప బండి ఆగదు. ఇంట్లోవారి ప్రాణాలు ఈ ఒక్క పని మీద ఆధారపడి ఉంటాయి.

కమ్మరి కొలిమిలో పుట్టిన బండి

మహారాష్ట్ర సాంగ్లీ జిల్లా దేవరాష్ట్రె గ్రామానికి చెందిన దత్తాత్రేయ లోహార్ వృత్తిరీత్యా కమ్మరి. కొడుకు ముచ్చట తీర్చడానికి పాత వాహనాల భాగాలు, తుక్కు ఇనుము పోగు చేసి చిన్న జీపులాంటి బండి కట్టారు. ఖర్చు సుమారు 60 వేల రూపాయలు. మోటారు సైకిల్‌లా కిక్కు కొడితే స్టార్టు కావడం దీని విశేషం.

2021 డిసెంబరులో ఈ బండి వీడియో దేశమంతా తిరిగింది. అది మహీంద్రా సంస్థ అధిపతి ఆనంద్ మహీంద్రా కంట పడింది. ఆయన ఆ నైపుణ్యాన్ని మెచ్చుకుంటూనే, నిబంధనలకు సరిపోదు గనుక అధికారులు ఏనాటికైనా దీన్ని ఆపుతారని చెప్పారు. బండిని తమకిస్తే బదులుగా కొత్త బొలెరో ఇస్తానన్నారు. 2022 జనవరిలో ఆ కుటుంబానికి బొలెరో అందింది. చేతి పనికి గౌరవం దక్కింది గానీ, చేసిన బండికి మాత్రం రోడ్డు దక్కలేదు.

హైదరాబాద్‌కు చెందిన సుధాకర్ మరో దారి ఎంచుకున్నారు. వంకాయ, బూటు, క్రికెట్ బంతి వంటి ఆకారాల్లో నడిచే కార్లు తయారు చేశారు. 2005లో 41 అడుగులకు పైగా ఎత్తున్న మూడు చక్రాల సైకిల్ కట్టి, నడిపి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. జూపార్కు సమీపాన బహదూర్‌పురాలో 2010లో మ్యూజియం తెరిచి తన బండ్లను అక్కడ ప్రదర్శనకు పెట్టారు.

చట్టం ఏమంటోంది?

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని వాహనం నడపరాదు. అది కావాలంటే 1989 నిబంధనల ప్రకారం తయారీదారు ముందుగా నమూనా వాహనాన్ని పుణెలోని ఏఆర్ఏఐ వంటి గుర్తింపు పొందిన సంస్థలో పరీక్షించి ధ్రువపత్రం పొందాలి. ఇది వేలల్లో వాహనాలు తయారు చేసే కంపెనీలకు సరిపోయే పద్ధతి. ఒక్క బండి కట్టుకున్న కుటుంబానికి ఆ ఖర్చు మోయలేని భారం.

ఇంగ్లండులో 1998 నుంచి ఇంట్లో కట్టిన కారుకు విడిగా పరీక్ష పెడుతున్నారు. కట్టినవారు బండిని పరీక్షా కేంద్రానికి తీసుకెళితే బ్రేకులు, దీపాలు, సీటు బెల్టులు, పొగ, శబ్దం తనిఖీ చేస్తారు. గీసుకునే పదునైన అంచులున్నా ఒప్పుకోరు. నెగ్గితే నంబరు ఇస్తారు. మన దగ్గర అంత సులువైన దారి లేదు.

నంబరు లేకుంటే బీమా ఉండదు. బీమా లేని బండి ఎవరినైనా ఢీకొంటే పరిహారం యజమానే కట్టాలి. ముచ్చటపడి కట్టుకున్న కారు కుటుంబాన్ని అప్పుల్లోకి దించుతుంది.

ఘాట్ రోడ్డుతో ఆటలొద్దు

మన దారులు మైదానం దారులు కావు. 2021 ఫిబ్రవరిలో అనంతగిరి మండలం డముకు వద్ద పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. కంపెనీ తయారీ వాహనాలకే ఈ మలుపులు పరీక్ష. దిగుడులో అదే పనిగా బ్రేకు తొక్కితే వేడికి బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి పడుతుంది. అప్పుడు పెడలు ఉత్తదే. అందుకే ఎక్కిన గేరులోనే దిగాలని పెద్ద డ్రైవర్లు చెబుతారు. తూకం, బ్రేకు ఎవరూ సరిచూడని బండితో ఇక్కడికి రావడం ప్రమాదమే.

ఇక ఈ విద్య మీద మోజున్న యువకులకు దారి లేకపోలేదు. ఐటీఐల్లో మోటారు మెకానిక్, వెల్డర్ కోర్సులున్నాయి. ఇంజనీరింగ్ విద్యార్థులు సొంతంగా బండి కట్టి పోటీ పడే బాహా పోటీలు 2007 నుంచి మన దేశంలో జరుగుతున్నాయి. అక్కడ ముందు బ్రేకు పరీక్ష నెగ్గాలి, ఆ తరువాతే పరుగు. చేతిలో పనున్న మన మెకానిక్కులకు కూడా ఒక్కో బండిని పరీక్షించి నంబరు ఇచ్చే కేంద్రం ఉంటే ఎంతో మేలు. రవాణా శాఖ ఈ దిశగా ఆలోచించాలి. అంతవరకు ఇంట్లో కట్టిన బండి రోడ్డు మీదికి రాకుండా ఇంట్లోనే ఉండటం అందరికీ క్షేమం.