బిల్లు నాడే అడగాలి

కూలిరేట్ల మీటింగు అయ్యాక ఒక పెద్దాయన మమ్మల్ని అడిగాడు: "చట్టమంటే పైవాళ్లు రాసిందే గదయ్యా, దాంట్లో మనం వేలెట్టేదేముంది?" చాలామంది మనసులో ఉన్న మాటే ఇది. జవాబు చెప్పుకోవాలి.

రాజ్యాంగం ప్రభుత్వానికి పగ్గం వేసింది. ఏ విషయంపై కేంద్రం చట్టం చేయాలో, దేనిపై రాష్ట్రాలు చేయాలో, ఏవి ఉమ్మడివో ఏడవ షెడ్యూలు పంచిపెట్టింది. ప్రాథమిక హక్కులను హరించే చట్టం చెల్లదని 13వ అధికరణం చెబుతోంది. బిల్లును సభలో పెట్టాలి, చర్చించాలి, క్లాజువారీగా చూడాలి. రెండు సభలూ ఒప్పుకున్నాకే రాష్ట్రపతి సంతకం. ఇదంతా ఉత్త తంతు కాదు, మన గోడు వినిపించే చోటు.

2020లో ఏమైంది? వ్యవసాయం, సంతలు రాష్ట్ర జాబితాలోవి. అయినా ఉమ్మడి జాబితాలోని ఆహార పదార్థాల వ్యాపారం అన్న అంశాన్ని పట్టుకుని కేంద్రం జూన్ 5న మూడు ఆర్డినెన్సులు తెచ్చింది. సెప్టెంబరు 20న రాజ్యసభలో ప్రతిపక్షం సెలెక్టు కమిటీకి పంపమంది, ఓట్లు లెక్కపెట్టమంది. రెండూ జరగలేదు. మూజువాణి ఓటుతో రెండు బిల్లులు గట్టెక్కాయి. 22న మూడోదీ అయిపోయింది.

ఆ మూడోది చూడండి. ధాన్యం, పప్పుల వంటి నిల్వ ఉండే సరుకు ధర 50 శాతం పెరిగితే తప్ప వ్యాపారి నిల్వలపై పరిమితి పెట్టకూడదట! కూలి డబ్బుతో గింజలు కొనుక్కు తినేవాళ్లం మనం. ధర అంత పెరిగేదాకా మా పిల్లలేం తినాలని అడగడానికి కమిటీ ఏదీ?

సభలో దొరకని చర్చ రోడ్డు మీద జరిగింది. సింఘు, టిక్రీ, ఘాజీపూర్ సరిహద్దుల్లో రైతులు ఏడాదిపాటు కూర్చున్నారు. 2021 జనవరి 12న సుప్రీంకోర్టు అమలును నిలిపింది గాని చట్టాలను కొట్టెయ్యలేదు. నవంబరు 29న పార్లమెంటే రద్దు చేసింది, అదీ చర్చ లేకుండానే. గెలుపు గెలుపే. కాని ఎందుకు తెచ్చారో, ఎందుకు తీశారో సభలో జవాబు చెప్పించలేకపోయాం.

అందుకే పెద్దాయనా, బిల్లు అన్న మాట వినపడ్డ నాడే సంఘంలో చదివించుకుందాం. ఇది ఏ జాబితాలోది? కమిటీకి పంపారా? మన ఎంపీ ఏం మాట్లాడాడు? సంతకమయ్యాక అడగడమంటే కోతలయ్యాక కలుపు తియ్యడమే.