పనిలో తప్పు జరిగితే పెద్దలు ఏం చేయాలి?

రాత్రి డ్యూటీలో ఉన్న ఒక నర్సు, ఒకరి మాత్ర పొరపాటున మరొకరికి ఇచ్చిందనుకుందాం. వెంటనే గుర్తించింది. డాక్టరుగారికి చెబుతుందా, దాస్తుందా? అది ఆమె మంచితనం ఒక్కదాని మీదే ఆధారపడదు. ఇంతకుముందు తప్పు ఒప్పుకున్నవారికి ఏం జరిగిందో ఆమె చూసే ఉంటుంది. వారిని అందరి ముందు తిట్టి ఉంటే ఈమె నోరు విప్పదు. నష్టపోయేది రోగి.

1990లలో ఆమీ ఎడ్మండ్‌సన్ అనే అమెరికా పరిశోధకురాలు ఆసుపత్రి వార్డులలో మందుల పొరపాట్లను పరిశీలించారు. మంచి వార్డులలో పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకున్నారు. లెక్కల్లో అక్కడే ఎక్కువ కనిపించాయి! వారు ఎక్కువ తప్పులు చేసినందువల్ల కాదు, పెద్దల భయం లేక దాచకుండా చెప్పినందువల్ల అని తరువాత తేలింది.

శ్రీహరికోట నేర్పిన పాఠం

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి ఎగిరిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్ బంగాళాఖాతంలో కూలిపోయింది. ఆ ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. కంప్యూటరు ప్రయోగాన్ని ఆపినా, నిపుణులతో మాట్లాడి ముందుకు వెళ్ళమన్నది ఆయనే. ఇస్రో అధ్యక్షులు సతీష్ ధావన్ ఆయన మీద నింద వేయలేదు. విలేఖరుల ముందు తానే బాధ్యత తీసుకున్నారు. 1980 జులై 18న ప్రయోగం విజయవంతమైనప్పుడు మాత్రం విలేఖరులతో మాట్లాడమని కలాంగారినే ముందుకు పంపారు.

ఆనాడే కలాంగారిని పక్కన పెట్టి ఉంటే? తరువాత హైదరాబాదులో క్షిపణుల పనిలో ఉండగా, ఆ తేలికపాటి పదార్థంతోనే నిమ్స్ ఆసుపత్రి పిల్లలకు కాళ్ళ కాలిపర్లు చేయించారు. మూడు కిలోలు దాటిన బరువు 300 గ్రాములకు తగ్గింది. కొత్తది ప్రయత్నించే చొరవ భయం లేనిచోటే పుడుతుంది.

అంటే ఏం చేసినా ఊరుకోవాలా?

కాదు. తాగి డ్యూటీకి రావడం, తెలిసి నియమం తప్పడం, దాచిపెట్టడం వేరు. వాటికి చర్య తప్పదు. మంచి మనసుతో పని చేస్తుండగా జరిగిన పొరపాటు వేరు. అక్కడ పెద్దలు మూడు ప్రశ్నలు అడగాలి:

1. ఏం జరిగింది?
2. ఎందుకు జరిగింది? (సీసాలు ఒకేలా ఉన్నాయా? మనుషులు చాలలేదా?)
3. మళ్ళీ జరగకుండా ఏం మార్చాలి?

"ఎవరు చేశారు?" అనేదే మొదటి ప్రశ్న అయితే మిగతా మూడింటికి నిజమైన జవాబు దొరకదు.

మన స్టేషన్ ఘన్‌పూర్‌లో కుట్టు మిషన్ల దుకాణమైనా, మెకానిక్ షెడ్డయినా, పొదుపు సంఘమైనా ఇదే వర్తిస్తుంది. గుడ్డ తప్పు కత్తిరించిన అమ్మాయిని పదిమందిలో అవమానిస్తే, ఆమె ఇక కొత్త డిజైను జోలికి పోదు. చెప్పిన పని చేసి ఊరుకుంటుంది. పక్కకు పిలిచి, కొలత ఎక్కడ తప్పిందో చూపితే రేపు ఆమే పదిమందికి నేర్పుతుంది.

చివరిగా మీతో ఒక మాట. బి.పి. మాత్రలు నాలుగు రోజులు మానేస్తే, కోప్పడతారని డాక్టరుగారి దగ్గర దాచకండి. మేమిచ్చిన మాత్ర ఎప్పటిలా లేకపోతే, మింగే ముందే అడగండి. మీరు అడిగినందుకు కోపగించుకోకుండా వినడం మా బాధ్యత.