పదును చూసి విత్తినట్టు

జూన్‌లో బడి తెరిచిన వారంలోనే పదో తరగతి పిల్లలు చాలామంది ఒక టైమ్‌టేబుల్ రాసుకుంటారు. తెల్లవారి నాలుగున్నరకు లేవడం, ఐదు నుంచి ఆరు వరకు లెక్కలు, ఆరు నుంచి ఏడు వరకు సైన్సు, సాయంత్రం మళ్లీ ఏడు నుంచి పది. స్కేలు పెట్టి గీతలు గీసి, రెండు రంగుల పెన్నులతో రాసి, అన్నం మెతుకులతో గోడకు అంటిస్తారు. ఎంతో శ్రద్ధగా చేస్తారు. గోరంట్ల చుట్టుపక్కల పల్లెల్లో ఆ కాగితం ఎన్నాళ్లు పనిచేస్తుందో తెలియాలంటే ఒక్క సంగతి అడిగితే చాలు: ఇంట్లో పట్టుపురుగులు ఉన్నాయా?

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టును నమ్ముకుని ఈ ప్రాంతంలో ఎన్నో కుటుంబాలు మల్బరీ సాగు చేస్తున్నాయి. పట్టుపురుగు గుడ్డులోంచి బయటికి వచ్చినప్పటి నుంచి గూడు కట్టేదాకా ఇంచుమించు 25 నుంచి 28 రోజులు. ఆ కాలంలో నాలుగుసార్లు మేత మానేసి పడుకుంటుంది, కుబుసం విడిచి లేస్తుంది. రైతులు దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచాక మిగిలిన వారం రోజుల్లోనే అది పుట్టినప్పటి నుంచీ తినే మొత్తం ఆకులో 80 శాతానికి పైగా తినేస్తుంది. ఆ వారం షెడ్డులోకి అడుగుపెడితే రేకుల మీద వాన పడుతున్నట్టు మేత చప్పుడు వినిపిస్తుంది. ఇంట్లో అందరూ తోటలో ఆకు కోస్తూనో, షెడ్డులో మేత వేస్తూనో ఉంటారు. పదిహేనేళ్ల పాప గోడ మీది కాగితం చూసుకుని లెక్కల పుస్తకం తీసుకునే పరిస్థితి ఉండదు. మూడో రోజుకు టైమ్‌టేబుల్ తప్పుతుంది. ఐదో రోజుకు దాని వైపు చూడటం మానేస్తుంది. వారం తిరిగేసరికి "నాకు క్రమశిక్షణ లేదు" అని తనకు తానే తీర్పు చెప్పుకుంటుంది.

ఈ చివరి మాటే నాకు బాధగా ఉంటుంది. ఆ తీర్పు అన్యాయమైనది. తప్పంతా కాగితంలో ఉంది. ఎప్పుడు గేటు ఎత్తితే అప్పుడు నీళ్లు వచ్చే కాలువ కింది పొలానికి సరిపడే లెక్క అది. మనది మెట్ట.

అనంతపురం పీఠభూమి మీద ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఇదొకటి. 2022లో గోరంట్ల శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది, వాన తీరు మాత్రం అదే. ఇక్కడి శెనక్కాయ రైతు "జూన్ 20న విత్తుతాను" అని ఏనాడూ రాసుకోడు. మృగశిర, ఆరుద్ర కార్తెలు చూసుకుంటూ దుక్కి దున్నిపెడతాడు. విత్తనం కాయలు ఒలిపించి పెడతాడు. గొర్రు సరిచేసి పెడతాడు. ఒక మంచి వాన పడి నేల పదునెక్కితే ఆ పదును నిలిచేది రెండు మూడు రోజులే. ఆ రెండు రోజుల్లో విత్తనం కోసం, గొర్రు కోసం వెతుక్కునేవాడికి ఆ ఏడు పంట దక్కదు. వాన ఎప్పుడొస్తుందో అతని చేతుల్లో లేదు. వచ్చినప్పుడు సిద్ధంగా ఉండటం ఒక్కటే అతని చేతుల్లో ఉంది, దాని మీదే అతని తెలివంతా ఖర్చుపెడతాడు. ఈ పల్లెల పిల్లలు కాలాన్ని వాడుకోవడం నేర్చుకోవాల్సింది వాళ్ల తాతల దగ్గరే అని నేను గట్టిగా నమ్ముతాను.

మొదటి పని టైమ్‌టేబుల్ రాయడం కాదు, ఒక వారం పాటు ఉన్న రోజును ఉన్నట్టు రాసుకోవడం. ఒక పాత నోటుబుక్కు చివరి పేజీ చాలు. గోరంట్లకు బస్సులో వచ్చి చదువుకునే ఒక పాప పేజీ ఎలా ఉంటుందో ఊహించి చూద్దాం.

"సోమవారం. 5:30కి లేచాను. 6 దాకా నీళ్లు, వాకిలి. 6 నుంచి 7 ఆకు కోత. 7:45కి బస్సు కోసం నిలబడ్డాను. 8:20కి వచ్చింది. 8:50 గోరంట్ల. బడి. 4:30కి వదిలారు. 5:15కి బస్సు. 5:45 ఇల్లు. 7 దాకా షెడ్డు. 7 నుంచి 7:40 సోషల్ చదివాను. 7:40 నుంచి 8:30 ఫోన్. అన్నం. 9 నుంచి 9:20 హోంవర్క్. నిద్ర."

కూడి చూడండి. చదివింది ఒక గంట. ఫోన్‌కు పోయింది 50 నిమిషాలు. బస్సు కోసం నిలబడింది 80 నిమిషాలు, బస్సులో కూర్చుంది 60 నిమిషాలు, వెరసి 2 గంటల 20 నిమిషాలు. ఆ పాప తనకు సమయం లేదనుకుంటోంది. నిజానికి ఉంది, కానీ అది ముక్కలుగా, రోడ్డు పక్కన, చేతిలో సంచితో నిలబడి ఉన్న సమయం. బల్ల ముందు కూర్చుని మూడు గంటలు చదివితేనే చదువు అని మనం నేర్పినందువల్ల ఆ ముక్కలు ఆమె కంటికి సమయంలాగే కనిపించవు. ఫోన్ విషయంలో పెద్దలు పదేపదే తిడతారు. నేను తిట్టను. రోజంతా నడుం వంచిన పిల్ల 50 నిమిషాలు సేద తీరితే తప్పేముంది? 8:30 తర్వాత కూడా అది చేతిలోనే ఉంటే మాత్రం ఇంట్లోవాళ్లు పట్టించుకోవాలి.

రెండో సంగతి, మన అంచనాలు. ఏ పనికి ఎంతసేపు పడుతుందో ఊహించడంలో మనుషులందరూ పొరబడతారు. 1994లో కెనడాలో మనస్తత్వ పరిశోధకులు కొందరు డిగ్రీ విద్యార్థులను వాళ్ల పరిశోధన వ్యాసం ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. పట్టింది 55 రోజులకు పైనే. చెప్పిన గడువులోపు పూర్తిచేసినవాళ్లు మూడో వంతు కూడా లేరు. వాళ్లు సోమరులు కారు. అడ్డంకులేవీ రానట్టు ఊహించుకోవడం మనసుకు సహజం. కాబట్టి పాఠం గంటలో అయిపోతుందనిపిస్తే గంటన్నర అని రాసుకోవాలి. మెట్ట రైతు విత్తనం కాస్త ఎక్కువే దగ్గర పెట్టుకుంటాడు. మొలిచాక వాన మొహం చాటేస్తే మళ్లీ విత్తాల్సి వస్తుందని అతనికి తెలుసు.

ఇక లక్ష్యం. బెంగళూరు–హైదరాబాద్ హైవే మీద గోరంట్ల మండలం పాలసముద్రం దగ్గర కస్టమ్స్, పరోక్ష పన్నుల అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీ ఉంది. నాసిన్ అంటారు. 2024 జనవరి 16న ప్రధానమంత్రి దాన్ని ప్రారంభించారు. ఆ గేటు ముందు నుంచి బస్సు పోతుంటే కిటికీ పక్కన కూర్చున్న పిల్లల్లో ఎవరో ఒకరికి "నేనూ ఆఫీసర్ని కావాలి" అనిపించడం నాకు చాలా గొప్ప సంగతిగా తోస్తుంది. ఇంటి దగ్గరే అంత పెద్ద కల కంటికి కనిపించడం ఈ నేలకు కొత్త. అయితే సివిల్స్ పరీక్ష రాయాలంటే కనీసం 21 ఏళ్లు నిండాలి, డిగ్రీ ఉండాలి. పదో తరగతి పిల్లకు అది ఆరేళ్ల దూరం. అంత దూరాన ఉన్నది ఈ రోజు రాత్రి ఏడింటికి ఏ పుస్తకం తీయాలో చెప్పదు. అందుకని ఆ కలను ఉంచుకుంటూనే దగ్గరికి లెక్కేసుకుంటూ రావాలి.

ఇలా అంకెలూ ఏళ్లూ వేసి ఆలోచించడంలో పేరున్న మనిషి మన చిత్రావతి పుట్టిన వైపే పుట్టాడు. గోరంట్లను ఒరుసుకుంటూ పారే ఈ ఏరు చిక్కబళ్లాపురం కొండల్లో మొదలవుతుంది. ఆ కొండల దాపునే ముద్దేనహళ్లి ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. తెలుగు కుటుంబం, ఇంటిపేరులోని మోక్షగుండం మన గిద్దలూరు వైపుది. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగళూరులో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ చదివి 1881లో బీఏ, ఆపైన పూనాలో 1883లో ఇంజనీరింగు పూర్తిచేశారు. ట్యూషన్లు పోగా మిగిలిన వేళల్లోనే ఆ చదువంతా సాగింది. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదుకు రక్షణ ఏర్పాట్లు సూచించిందీ ఆయనే. దేశానికి ప్రణాళిక కావాలని 1934లో ఆయన రాసిన పుస్తకంలో "దేశం బాగుపడాలి" అని రాసి ఊరుకోలేదు. పదేళ్లు అని గడువు పెట్టి, ఆదాయం రెట్టింపు అని కొలత పెట్టారు. ఎడ్విన్ లాక్, గ్యారీ లాథమ్ అనే ఇద్దరు పరిశోధకులు దశాబ్దాల తరబడి పరీక్షించి తేల్చింది కూడా ఇదే: "చేతనైనంత చెయ్యి" అని చెప్పినవాళ్ల కంటే, కాస్త కష్టమైన, కొలత ఉన్న లక్ష్యం పెట్టుకున్నవాళ్లు ఎక్కువ సాధిస్తారు.

మన పాపకు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు కావాలి అనుకుందాం. ఆ సీటు పదో తరగతి మార్కుల మీద ఇస్తారు. 600 మార్కుల్లో ఆమెను వెనక్కి లాగుతున్నది లెక్కలు. లెక్కల పుస్తకంలో 14 అధ్యాయాలు. రెండు వారాలకు ఒకటి చొప్పున సొంతంగా సాధన చేస్తే 28 వారాలు. జూలై ఒకటిన మొదలుపెడితే సరిగ్గా సంక్రాంతికి పూర్తవుతుంది. కాగితం మీద ముచ్చటగా ఉంది, కానీ ఇందులో నాలుగో జ్వరం వారం ఒక్కటీ లేదు. అందుకని ప్రతి మూడు అధ్యాయాల తర్వాత ఒక వారం ఖాళీగా వదలాలి. నాలుగు ఖాళీ వారాలు కలిపితే 32 వారాలు, అంటే ఫిబ్రవరి రెండో వారం. పరీక్షలు మార్చి మధ్యలో. ఇంకా నెల రోజులు చేతిలో ఉంటాయి. ఆ ఖాళీ వారాలను ఎవరూ దుబారా అనుకోకూడదు. ఇలాంటి ఇంట్లో ఆ ప్రణాళికను నిలబెట్టేవి అవే.

ఆ వారాలు ఎప్పుడు పడతాయో పిల్లకు ముందుగా తెలియడం ఎలా? ఇక్కడ తల్లిదండ్రులతో ఒక మాట. చాకీ పురుగులు, అంటే లేత పురుగులు, ఇంటికి తెచ్చిన రోజునే నాలుగో జ్వరం ఎప్పుడు వస్తుందో అమ్మ వేళ్ల మీద లెక్కేసి చెప్పగలదు. ఆ తేదీ పాపకు చెప్పండి. క్యాలెండరులో గుర్తు పెట్టనివ్వండి. అది తెలిసిన పిల్ల ముందు వారం రెండు రోజుల పని ఎక్కువ చేసి పెట్టుకుంటుంది.

ముక్కల సమయం దగ్గరికి మళ్లీ వద్దాం, ఎందుకంటే అసలు పంట అక్కడే ఉంది. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో రాసిన ఒక వ్యాసం చిన్న చిట్కాను ప్రపంచానికి చెప్పింది. "రోజూ చదువుతాను" అనుకోవడం వేరు, "ఫలానా సమయం రాగానే ఫలానా పని చేస్తాను" అనుకోవడం వేరు. రెండో రకంగా అనుకున్నవాళ్లు ఆ పని చేసే అవకాశం చాలా ఎక్కువ. ఎందుకంటే చేయాలా వద్దా అన్న తర్కం ఆ క్షణాన ఉండదు. మన పాప ఇలా రాసుకోవచ్చు: బస్సులో సీటు దొరకగానే జేబులోని చీటీ తీస్తాను. సాయంత్రం మేత వేసి చేతులు కడుక్కోగానే లెక్కల పుస్తకం తెరుస్తాను. గడియారం గంటల కంటే ఈ గుర్తులు నమ్మకమైనవి. బస్సు ఆలస్యం కావచ్చు, కానీ ఎక్కడం ఖాయం.

చీటీ మీద ఏముండాలి? నిన్న చదివిన పాఠం నుంచి ఐదు ప్రశ్నలు, జవాబులు లేకుండా. 1885లోనే ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పరిశోధకుడు తన మీదే ప్రయోగం చేసుకుని చూపించాడు, నేర్చుకున్నదాన్ని మనం మొదటి గంటల్లోనే ఎక్కువగా మరిచిపోతామని. మధ్య మధ్య విరామమిచ్చి గుర్తు తెచ్చుకుంటే ఆ మరుపు నెమ్మదిస్తుంది. పుస్తకం చూడకుండా గుర్తు తెచ్చుకోవడానికి చేసే ఆ చిన్న యాతనే చదువును గట్టిపరుస్తుంది. దానికి బల్లా అక్కర్లేదు, దీపమూ అక్కర్లేదు. బస్టాపులో నిలబడి చేయొచ్చు.

మరో సంగతి, ఒకే రకం లెక్కలు వరసగా ఇరవై చేయడం కన్నా రకరకాలవి కలిపి చేయడం మేలు. 2007లో రోరర్, టేలర్ అనే ఇద్దరు అమెరికాలో కాలేజీ విద్యార్థుల మీద పరీక్షించారు. ఒకే రకం వరసగా చేసినవాళ్లు సాధన సమయంలో బాగా చేశారు. వారం తర్వాత పరీక్ష పెడితే వాళ్లకు 20 శాతం, కలిపి చేసినవాళ్లకు 63 శాతం వచ్చింది. శెనక్కాయ సాళ్ల మధ్య కంది సాలు వేసే నేల మీద ఈ మాట ఎక్కువ వివరించక్కర్లేదు.

ఇవన్నీ చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. వరసగా వానలు తప్పి, ఇల్లు తాళం వేసి అమ్మానాన్నలు బెంగళూరు కూలికి పోతే, వాళ్లతో పాటు పోయిన పిల్లకు ఏ నోటుబుక్కూ చాలదు. అక్కడ కావాల్సింది హాస్టల్ సీటు, ఇంటికి పని, బడికి వేళకు బస్సు. అవి పెద్దల బాధ్యత. పిల్లల అలవాట్ల గురించి మాట్లాడుతూ ఆ బాధ్యతను పిల్లల నెత్తిన పెట్టకూడదు.

అలవాటు కుదరడానికి ఎన్నాళ్లు పడుతుంది? 21 రోజులని అందరూ అంటుంటారు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి చూస్తే సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 రోజులు అవసరమని లెక్క తేలింది. అందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది ఇంకో ఫలితం. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. మర్నాడు మళ్లీ అందుకుంటే చాలు. గోడ మీది కాగితం మూడో రోజున తప్పిందని మొత్తం వదిలేసిన పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

నాలుగో జ్వరం వారంలో ఆ పాప పేజీలో ఒక్క ముక్కే ఉండొచ్చు: "చీటీ మాత్రమే." రెండు రోజులు అదీ ఉండకపోవచ్చు. పురుగు పండి, చంద్రికలనే తట్టల మీద గూడు కట్టి, గూళ్లు ఏరడం అయ్యాక మళ్లీ తేదీ పడుతుంది.

"మంగళవారం. గూళ్లు మార్కెట్టుకు పోయినాయి. బస్సులో 20 నిమిషాలు చీటీ. రాత్రి త్రికోణమితి, ఆరో లెక్క నుంచి."