ఏ పాటన్? – నమూనా టాంకు చేయువారికి ఆధారములు

పాటన్ అను పేరు వినని ఇల్లు 1965వ సంవత్సరాంతమునకు మన దేశమున అరుదుగా నుండెను. ఆ యేటి సెప్టెంబరు 8 మొదలు 10వ తేదీ వరకు పంజాబులోని ఖేమ్‌కరణ్ సమీపమున, అసల్ ఉత్తర్ గ్రామము చుట్టును జరిగిన టాంకుల పోరు, ఆ పోరులో జీపుపై నమర్చిన ఫిరంగితో శత్రుటాంకుల నెదిరించి నేలకొరిగిన హవల్దారు అబ్దుల్ హమీదు పేరు ఇంటింట మారుమ్రోగినవి. చిక్కిన టాంకులను భిఖివిండ్ వద్ద వరుసగా నిలిపి, ఆ చోటికి పాటన్ నగరమని పేరు పెట్టిరి. తరువాత వానిలో కొన్ని జయచిహ్నములుగా దేశములోని పట్టణములకును కంటోన్మెంట్లకును చేరినవి.

ఈ నడుమ మా మేనల్లుడు పాఠశాలలోని ప్రదర్శనమునకు పాటన్ టాంకు నమూనా చేయ సంకల్పించెను. తొమ్మిదవ తరగతి పిల్లవాడు, చేతిపనిలో నేర్పరి. ప్లాస్టిక్ భాగములుండు పెట్టె నొకదానిని తెప్పించి యిచ్చితిమి. టాంకునకు మొండెమువంటి క్రిందిభాగమును హల్ అనియు, తలవలె తిరుగుచు ఫిరంగిని మోయు పైభాగమును టరెట్టు అనియు అందురు. పెట్టెలోని టరెట్టు గుండ్రముగా నుండెను. వాడు లోగడ ఒక ఊరి కూడలిలో చూచిన పాటన్ టరెట్టు ముక్కు సన్నగా, వెనుకభాగము పొడవుగా నుండెనట. పెట్టెలోనిదే తప్పని నిశ్చయించి, తాను తీసికొన్న ఫొటోను ఎదుట పెట్టుకొని, అట్టతో పొడవైన టరెట్టును చేసి ఆ మొండెముపై నిలిపెను. చూచుటకు ముచ్చటగానే యుండెను.

మా వీధిచివర ఎనుబదియేండ్లు దాటిన పెద్దలొకరు గలరు. ఆ యుద్ధములో చెడిన బండ్లను, చిక్కిన బండ్లను లాగుకొనివచ్చు పని వారిది. నమూనాను చూపుటకు వారిని పిలిచితిమి. చేతిలోనికి తీసికొని, అటునిటు త్రిప్పి, “బాగుంది నాయనా” అనిరి. కొంత తడవాగి, “అయిదోవాడు ఎక్కడ కూర్చుంటాడు?” అని యడిగిరి.

“అయిదుగురా తాతగారూ? పెట్టెమీద నలుగురనే ఉందండీ.”

“నేను లాగిన బండిలో అయిదుగురు. డ్రైవరు పక్కన ఇంకొకడుంటాడు. వాణ్ణి నేనే దింపాను.”

అంతకు మించి వారు చెప్పలేదు, మేమును అడుగలేదు. మరునాటినుండి పిల్లవానితో కూడి ఆధారముల వేటలో బడితిమి. ఆ వేటలో తెలిసికొన్నది, నమూనాలు చేయు పిల్లలున్న ఇండ్లకు పనికివచ్చునని ఇచ్చట చెప్పుచున్నాము. చిత్రము చూపు వీలు లేదు గావున గుర్తులన్నియు మాటలతోనే చెప్పవలసియున్నది.

మొదటి సంగతి, పాటన్ అనునది ఒక టాంకు పేరు కాదు. అమెరికా సేనాని జార్జి పాటన్ పేరును ఎం-46, ఎం-47, ఎం-48 అను వేరువేరు టాంకులకు పెట్టిరి. ఖేమ్‌కరణ్ పోరులో పాకిస్తాను నడిపినవి ఎం-47లును ఎం-48లును. రెంటికిని ఫిరంగి 90 మిల్లీమీటర్లదే; ప్రక్కకు ఆరేసి నేలచక్రములే. పత్రికలవారికి రెండును పాటన్లే. నమూనా చేయువానికి మాత్రము ఇవి రెండు వేరు జంతువులు. ఎం-47 హల్ ముందుభాగము పలకలు అతికినట్లు అంచులు దేరి యుండును. ఎం-48 హల్ పోతపోసినది, పడవ అడుగువలె గుండ్రదేరినది. ఎం-47 టరెట్టు ముక్కు సన్నము, వెనుక పొడవు. ఎం-48ది బోర్లించిన గిన్నెవంటిది. ఎం-47లో డ్రైవరునకు కుడిప్రక్క మరతుపాకి పట్టుకొని మరియొకడు కూర్చుండును. వాని కొరకు పైన వేరొక మూత, ముందు తుపాకికి రంధ్రము నుండును. ఎం-48లో ఆ మనిషిని తీసివేసిరి. కనుకనే అందు నలుగురు, ఇందు అయిదుగురు. మా పిల్లవాడు ఎం-48 మొండెమునకు ఎం-47 తల పెట్టెను. అట్టి టాంకు ఏ యుద్ధములోను లేదు.

చక్రములపై పట్టా జారకుండ మోయు చిన్న రోలర్లను లెక్కించుమని కొందరు చెప్పుదురు. ఎం-47నకు ప్రక్కకు మూడు, తొలి ఎం-48లకు అయిదు. మంచి గుర్తే గాని, తరువాతి ఎం-48ఏ2లో వానిని మూడింటికి తగ్గించిరి. ఒక్క గుర్తును నమ్మి తీర్పు చెప్పరాదు. పట్టా వెడల్పును గూడ చూడవలెను: ఎం-47ది 23 అంగుళములు, ఎం-48ది 28. నమూనాలో నాలుగు మిల్లీమీటర్లకు కొంచెము తక్కువగా తేడా వచ్చును. కన్ను దానిని ఇట్టే పట్టును.

ఇక ఆధారముల మాట. పెట్టెమీది రంగుబొమ్మను ఆధారముగా నెంచుట పెండ్లిపత్రిక చూచి వరుని గుణము నిర్ణయించుట వంటిది. పెట్టె చేయువారికి అమ్మకము ముఖ్యము. అసలు ఈనాడు టాంకు నమూనాలకు పేరుపడిన 1/35 స్కేలే ఒక వ్యాపారపు సౌకర్యమునుండి పుట్టినది. జపానులోని టామియా సంస్థవారు 1960 ప్రాంతములలో జర్మనుల పాంథర్ టాంకును మోటారుతో నడుచు బొమ్మగా చేయ తలపెట్టి, బ్యాటరీలును మోటారును పట్టునంత పరిమాణమునకు దానిని పెంచగా ఆ స్కేలు వచ్చినది. అందరును దానినే అనుసరించిరి. ఇది తప్పని మేమనము. పెట్టె దేనికొరకు పుట్టినదో తెలిసియుండుట మంచిదని మాత్రము అందుము.

అన్నిటికంటె గట్టి ఆధారము నాటి ఫొటో. అదియు తేదీ, స్థలము తెలిసినదై, ఒక బండిని స్పష్టముగ చూపునదై యుండవలెను. ఒక బండి, ఒక దినము – ఇది నియమము. ఒక ఫొటోనుండి టరెట్టును, వేరొక ఫొటోనుండి చక్రములను, మూడవదానినుండి అంకెలను తెచ్చి కూర్చినచో మా పిల్లవాని పొరపాటే పునరావృత్తమగును. ఫొటో క్రింది వ్రాతను బొమ్మతో సరిపోల్చి గాని నమ్మరాదు. ఖేమ్‌కరణ్ ఫొటోలలో ఈ చిక్కు మరింత కలదు. ఆ పోరులో రెండు పక్షములును అమెరికాలో పుట్టిన షెర్మన్ టాంకులను వాడినవి. మన పక్షమున వానిని నడిపినది డెక్కన్ హార్స్ దళము. పద్దెనిమిదవ శతాబ్దాంతమున నిజాము కొలువులోని ఆశ్వికులనుండి పుట్టినది, పేరులోనే మన దక్కనును మోయుచున్నది. షెర్మనులోను రకములు గలవు. ఎం4ఏ1 హల్ పోతపోసి గుండ్రదీర్చినది. ఎం4ఏ4లో అయిదు మోటారింజనులను ఒకటిగా కట్టి ముప్పది సిలిండర్ల యంత్రము నిమిడ్చిరి. దానిని పట్టించుటకు హల్‌ను సాగదీయగా చక్రముల జంటల నడుమ ఎడము పెరిగినది. ఫొటోలో ఆ ఎడము కనబడినచో రకము తెలిసిపోవును. ఎవరి టాంకో చెప్పుటకు మాత్రము గుర్తులు, అంకెలు కావలెను.

ఈ కాలమున కంప్యూటరులో వెదకినచో వేల చిత్రములు క్షణములో ఎదుట నిలుచును. అందు రెండు మోసములు గలవు. ఇతరులు చేసిన నమూనాల ఫొటోలు అసలు టాంకుల ఫొటోలతో కలిసిపోయి యుండును. పాత నలుపు తెలుపు ఫొటోలకు ఇప్పుడు రంగులద్దినవి మరికొన్ని. వానిలోని ఆకుపచ్చ యద్దినవాని యూహ. దానిని చూచి రంగు కలుపరాదు. నలుపు తెలుపు ఫొటో రంగును చెప్పజాలదు. ఏది ముదురు, ఏది లేత అనుటయే దాని చేతనగును. అదియు ఫిల్మును బట్టి మారును. నీలమునకు ఎక్కువగా స్పందించి ఎరుపును చూడజాలని పాతరకపు ఫిల్ములో ఆకాశము తెల్లగా, ఎర్రనివి నల్లగా వచ్చుట కలదు.

కూడలిలో నిలిచిన జయచిహ్నము విలువైనదే. తాకి చూడవచ్చును, టేపుతో కొలువవచ్చును. మహారాష్ట్రలోని అహమద్‌నగరమున 1994లో వెలసిన కావల్రీ టాంక్ మ్యూజియములో అట్టి టాంకు లనేకము వరుసదీరి యున్నవి. వీలైనవారు పిల్లలను తీసికొనిపోవలెనని మా సలహా. కాని అట్టి టాంకును ఏ విషయమున నమ్మవలెనో, ఏ విషయమున నమ్మరాదో తెలియవలెను. పోతపోసిన ఉక్కు ఆకారము మారదు. అతుకుల తీరు, మూతల స్థానము, చక్రముల కొలత నమ్మదగినవి. రంగు నమ్మరాదు – దశాబ్దములుగా ఎన్ని పూతలు పడినవో ఎవరెరుగుదురు? పలుగు, పార, తీగతాడు వంటి పరికరములు తరచు ఊడిపోయి యుండును. మూతలకు అతుకు వేసి యుండవచ్చును. ఒక టాంకులో లోపించిన భాగమును వేరొకదానినుండి తెచ్చి తగిలించుటయు జరుగును. ఫొటో తీయునప్పుడు గుర్తులు వేసిన కర్ర నొకదానిని బండికి చేర్చి నిలిపినచో తరువాత కొలతలు దొరకును. మిక్కిలి దగ్గరగా నిలిచి తీసినచో ముందరి చక్రము పెద్దదిగా, వెనుకది చిన్నదిగా వచ్చి కొలత చెడును. దూరముగా నిలిచి జూముతో తీయుట మేలు. కంటోన్మెంటు ప్రాంతములలో అనుమతి లేనిదే కెమెరా తీయరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

కర్ర లేకున్నను కొలత తీయు ఉపాయమొకటి కలదు. పాటన్ నేలచక్రము వ్యాసము 26 అంగుళములు, అనగా 66 సెంటీమీటర్లు. 1/35 నమూనాలో ఇది సుమారు 19 మిల్లీమీటర్లు. సరిగా ప్రక్కనుండి తీసిన ఫొటోలో చక్రమును కొలబద్దగా పెట్టుకొనిన, దాని చెంతనున్న భాగముల పరిమాణము లెక్కకు వచ్చును.

గ్రంథములలో హన్నికట్ అను అమెరికా రచయిత 1984లో ప్రకటించిన పాటన్ చరిత్ర ఈ విషయమున పెద్దబాలశిక్ష. వెల ఎక్కువ; పెద్ద గ్రంథాలయములలో విచారింపవలెను. ఎం-47నకు అమెరికా సైన్యము టి.ఎం. 9-718ఏ అను మాన్యువలును వెలువరించినది. మరమ్మతు చేయువానికొరకు వ్రాసినది గనుక అందు అలంకారములు లేవు. మూత ఎటు తెరచుకొనునో, పెట్టెలో ఏమి పెట్టుదురో అది చెప్పినట్లు వేరెవరును చెప్పలేరు. ఐనను అది కర్మాగారమునుండి వెడలిన నాటి బండిని చెప్పును గాని పంజాబు పొలములో నిలిచిన బండిని కాదు.

పుస్తకములలోని గీతచిత్రములను కొలిచి చూడక వాడరాదు. అచ్చులో బొమ్మ సాగుటయు కుంచించుకొనుటయు సామాన్యము. ఎం-47 వెడల్పు 3.51 మీటర్లు, 1/35 గీతలో 100 మిల్లీమీటర్ల పైచిలుకు రావలెను. ఎం-48 వెడల్పు 3.63 మీటర్లు, దాదాపు 104 రావలెను. మేము చూచిన గీత యొకదానిలో పొడవు సరిగానే యుండి వెడల్పు మూడు మిల్లీమీటర్లు తగ్గినది. దానిని నమ్మి అట్ట కత్తిరించియుంటిమేని వారము దినముల పని వ్యర్థమయ్యెడిది.

పెద్దల మాటకు వత్తము. అనుభవించినవారు చెప్పునది వేరెచ్చటను దొరకదు. ఐనను ఏది అడుగవలెనో తెలిసి అడుగవలెను. మా పెద్దలను రోలర్ల సంఖ్య అడుగగా “నాలుగేమో” అనిరి; అది ఏ పాటన్‌కును సరిపోలదు. కాని పట్టాలకు ఏమి అంటుకొని యుండెనని అడిగినపుడు కన్నులు మూసికొని చెప్పిరి: “బురద. చెరకాకు పట్టాలో చుట్టుకుపోయి ఉండేది. కొడవలితో కోసి లాగేవాళ్లం.” యుద్ధచరిత్ర గ్రంథములును దీనినే బలపరచుచున్నవి. మనవారు కాలువ నీటిని పొలములలోనికి వదలగా, ఎదిగిన చెరకుతోటల నడుమ పాటన్లు దిగబడిపోయినవి. మా పిల్లవాడు ఎడారి చిత్రములు చూచి టాంకునిండ సుద్దపొడి చల్లియుండెను. దానిని తుడిచివేసి, తడిమట్టి రంగును చక్రముల నడుమకు దట్టించెను. ఈ మార్పు ఏ కొలతవలనను కలుగునది కాదు.

క్రొత్త నమూనాకు రెండు నెలలు పట్టినది. ప్రదర్శనము అయిపోయినది, వానికి ఆ విచారము కొంత కలదు. ఆధారముగా గైకొన్న ఫొటోలో బండి ఎడమప్రక్కయే కనబడుచున్నది. కుడిప్రక్క పరికరములెట్లుండెనో తెలియలేదు. మాన్యువలులోని తీరున అమర్చి, ఇది ఊహయని అడుగుపలకపై చిన్న అక్షరములతో వ్రాసితిమి. టరెట్టుమీది అంకెలు బురదలో సగము మునిగి చదువరాకున్నవి. చదువవచ్చినంతవరకే వేసి మిగిలినది వదలివేసితిమి.

మొన్న ఆదివారము పెద్దలు మరల వచ్చిరి. కళ్లజోడు సవరించుకొని, డ్రైవరు మూతకు కుడిప్రక్కనున్న రెండవ మూతను గోటితో మెల్లగా పైకెత్తి లోపలికి చూచిరి. లోపల ఆసనము గూడ చేసియుంచెను మా పిల్లవాడు. మరల మూత వేసి, “ఇదే” అనిరి.